పొయ్యి వెలిగించని రోజు

ఒకానొక రాజుగారికి స్నానానికి వేడినీళ్ళు కాచే ముసలామె పేరు నాంచారమ్మ. కాగులోంచి రాగి గొట్టం గుండా వచ్చే ఆ నీటి ధార కొన్నాళ్ళుగా సన్నబడింది. గొట్టం వేయించింది దివాను భుజంగరావు.

"నా గొట్టంలో లోపమా? ముసలిది మంట సరిగ్గా పెట్టడం లేదు. రెండు రోజుల్లో ధార పెరక్కపోతే పని మాన్పిస్తాను," అన్నాడాయన.

మొదటిరోజు నాంచారమ్మ నడుము పడిపోయేలా కట్టెలు మోసింది. ధార పెరగలేదు.

రెండోరోజు రాజుగారు స్నానానికి కూర్చుని కెవ్వుమన్నారు. నీళ్ళు మంచులా ఉన్నాయి!

"ప్రభూ, ఇవాళ పొయ్యి వెలిగించలేదు," అంది నాంచారమ్మ తెర అవతల గోడ పట్టుకుని. "అయినా ధార నిన్నటంతే ఉంది, చూడండి. తప్పు మంటదైతే నీళ్ళు చల్లబడాలి గానీ, సన్నబడతాయా?"

రాజుగారు గొట్టం విప్పించారు. లోపల సున్నపు పొర గట్టిగా పేరుకుపోయి ఉంది.

"ఏం కావాలో కోరుకో," అన్నారు.

"నలభై ఏళ్ళుగా కాస్తున్నాను ప్రభూ. ఒక్కపూట నాకెవరైనా వేడినీళ్ళు కాచిపెడితే చాలు."

ఆ సాయంత్రం నాంచారమ్మ కళ్ళు మూసుకుని తలారా నీళ్ళు పోసుకుంటుంటే, దివానుగారు దగ్గుతూ పొయ్యి ఊదుతున్నారు.