ఏలియాజరు అడిగిన మాట

హిజ్కియా అయ్యగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. జవాబు బయటెక్కడో ఉన్నట్టు లేచి నడక మొదలుపెట్టేవారు. అడిగినవాళ్ళు వెంట వెళ్ళాల్సిందే. కాలువ పక్కనున్న ఆ ఊళ్ళో యూదుల ఇళ్ళు ఒక్క వీధికి మించి లేవు. ఒక పెంకుటింట్లో ప్రార్థనాలయం, ఊరి చివర వాళ్ళ సమాధుల తోట, అంతే వాళ్ళ ఆస్తి. శుక్రవారం పొద్దు వాలగానే దీపాలు పెట్టి, హీబ్రూలో కొంత, తెలుగులో కొంత ప్రార్థించే ఆ కొద్దిమందికి చాలా ఏళ్ళుగా అయ్యగారే పెద్దదిక్కు.

ఇప్పుడాయనకు చూపు మందగించింది. తన దగ్గర హీబ్రూ నేర్చుకున్న నహూముని పిలిచి, "వచ్చే కొత్త సంవత్సరం నుంచి ముందు నిలబడి ప్రార్థన చేయించేది నువ్వే" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నహూముకి అన్నం సయించలేదు. పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ మధ్యలో ఆగిపోయేవాడు. భార్య పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. చివరికి ఒక సాయంత్రం వచ్చి అయ్యగారి ముందు కూలబడ్డాడు.

"నన్ను వదిలేయండి అయ్యగారూ. మొన్న బొంబాయి నుంచి వచ్చిన యూదు పెద్దాయన, మీరు యూదులని మీకెలా తెలుసు అని అడిగితే నా నోరు పెగల్లేదు. మా తాత చెప్పాడు. ఆయనకు వాళ్ళ తాత చెప్పాడట. అంతకుమించి నా దగ్గరేముంది? నేనెవరో నాకే గట్టిగా తెలియదు. అలాంటివాణ్ణి ఇంతమంది ముందు నిలబడి 'మనం' అని ఎలా అనగలను?"

అయ్యగారు చెప్పులు వెతుక్కున్నారు. "పద. ఏలియాజరు మంచం పట్టాడట, కబురు పంపాడు. చూసొద్దాం."

ఆ పేరు నహూముకి తెలుసు. ఏలియాజరు ఒకప్పుడు ఈ వీధివాడే. నహూము పుట్టకముందు ఒక పండగ రోజున ప్రార్థన మధ్యలో లేచి, "మనం యూదులమనడానికి రుజువేది? ఎందుకీ వేషాలు?" అని అరిచి బయటికి నడిచాడు. ఆయన వెనకే కొన్ని కుటుంబాలు వెళ్ళి చర్చిలో కలిశాయి. అన్నదమ్ములు విడిపోయారు. ఆ పేరెత్తితే అదే వీధిలోని ఎస్తేరమ్మ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అలా వెళ్ళినవాళ్ళలో ఆవిడ తమ్ముడు కూడా ఉన్నాడు.

కాలువ దాటి ఏలియాజరు ఇల్లు చేరేసరికి ఆయన కొడుకు జయపాల్ గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉన్నాడు. అయ్యగారు అరుగు మీద కూర్చుండిపోయారు. "లోపల చీకటి. నాకు గడప కనిపించదు. నువ్వెళ్ళు నాయనా" అన్నారు.

నహూము గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. జయపాల్ పక్కకు తప్పుకున్నాడు గానీ వెంటే లోపలికి వచ్చాడు. మంచం మీద ముసలాయన ఎముకల పోగులా ఉన్నాడు. కళ్ళు మాత్రం మెలకువగా ఉన్నాయి.

"ఎవరది?"

"నహూముని, పెదనాన్నా. దానియేలు కొడుకుని."

"దానియేలు... ఆ రోజు నా చొక్కా పట్టుకుని ఆపబోయాడు మీ నాన్న. విదిలించుకుని పోయాను." ముసలాయన కాసేపు ఆయాసపడ్డాడు. "షెమా ప్రార్థన చెప్పుకుందామంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. రెండోది నోటికి రావడం లేదు. అది సరే గానీ, ముందొకటి చెప్పు. రుజువు లేదని వెళ్ళిపోయినవాణ్ణి. ఇంకా మీవాణ్ణేనా?"

 నహూము పగలూ రాత్రీ మోస్తున్న ప్రశ్న అదే. కిటికీ లోంచి చూశాడు. అరుగు మీద అయ్యగారి వీపు కనిపించింది.

జయపాల్ గొంతు తగ్గించి అన్నాడు: "ఆయనకు లేనిపోని ఆశ పెట్టకండి. మీరు ప్రార్థన చేసి పోతారు. రేపు ఆయన పోయాక మా చర్చి సంఘంవాళ్ళు, మీ నాన్న మావాడు కాదుగా అంటే, పూడ్చడానికి నేనెక్కడికి తీసుకుపోవాలి?"

"మనవాడివే, పెదనాన్నా" అన్నాడు నహూము. ఆ గొంతు తనదేనా అనిపించింది. జయపాల్ వైపు తిరిగాడు. "మా తోటలో చోటుంది. మేమే మోస్తాం."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. నహూము ఆ చెయ్యి పట్టుకుని దేవుడొక్కడే అని చెప్పే ఆ షెమా వాక్యాన్ని మెల్లగా, ముక్కలు ముక్కలుగా పలికాడు. ముసలాయన ఒక్కో ముక్కనే అందుకుని పలికాడు. జయపాల్ మొహం తిప్పుకునే ఉన్నాడు గానీ, నాన్న పెదాలు ఎండితే నీళ్ళు తనే పట్టాడు.

 తిరుగుదారిలో నహూముకి భయం పట్టుకుంది. ఎవర్నీ సంప్రదించకుండా వీధి మొత్తం తరఫున మాటిచ్చేశాడు.

ఆ వారంలోనే ఏలియాజరు పోయాడు. తెల్లవారగానే జయపాల్ నహూము గుమ్మంలో నిలబడ్డాడు. "చివరిదాకా మీ మాటే తలుచుకున్నాడు. చోటుందన్నారుగా" అన్నాడు. నహూము ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు తువ్వాలు భుజానేసుకుని బయటికొచ్చారు. కొందరు తలుపులు వేసుకున్నారు. ఎస్తేరమ్మ వాకిట్లో నిలబడి, "మా అమ్మ నా తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి పోయింది. ఆ ఏలియాజరుని మనవాడనడానికి నువ్వెవరివి?" అని నిలదీసింది.  నహూము వెళ్ళి పాడె ముందు కొమ్ము పట్టాడు. ఇంకో కొమ్ము జయపాల్ పట్టాడు. పాడె తోట చేరేసరికి ఎస్తేరమ్మ గేటు దాకా వచ్చింది. లోపలికి మాత్రం రాలేదు.

పూడ్చిపెట్టడం అయ్యాక తోట లోంచి బయటికొస్తూ చేతులు కడుక్కోవడం వాళ్ళ ఆచారం. అయ్యగారు తడుముకుంటూ చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. నహూము చేతులు చాచాడు.

"అయ్యగారూ, ఆవిడ అడిగింది నిజమే కదా. ఆయనకు రుజువు లేదు, నాకూ లేదు. మీరు అక్కడే ఉండగా ఆ మాట అనడానికి నేనెవర్ని?"

అయ్యగారు చెంబు వంచి ఆఖరి చుక్క దాకా పోశారు.

"నేను అరుగు మీదే ఉన్నాను నాయనా. కిటికీ కూడా తెరిచే ఉంది. నన్ను పిలవాలని అడిగిన ఆయనకూ తోచలేదు, జవాబు చెప్పిన నీకూ తోచలేదు."