సువార్తమ్మ ఏం పని చేస్తుంది?

పాలకొల్లులో పన్ను లెక్కలు రాసే దక్షిణామూర్తి గారికి ఒక అలవాటుండేది. చట్టం తెలియక అడిగినవాళ్లకు చట్టం చెప్పేవారు. చట్టం మీద కోపంతో అడిగినవాళ్లకు మాత్రం ఎవరి సంగతో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేమంతా ఆయన్ని గురువుగారనే పిలిచేవాళ్లం.

ఒక జూలై మధ్యాహ్నం మల్లిబాబు కోపంతో అడిగాడు. మాలో అందరికన్నా మెత్తని మనిషి అతను. ఆ పూట ఒక కొబ్బరి లౌజు వ్యాపారి వచ్చి, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే ఖాతా కోసం పంపిన కాగితాలు మళ్లీ తిరిగొచ్చాయని చెప్పి, బల్ల మీద తల ఆన్చుకుని కాసేపు కూర్చుని వెళ్లాడు. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉందట, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉందట.

“గురువుగారూ, సరుకు అమ్మినవాడి చేతికి డబ్బు రావడానికి ఇన్ని రుజువులా? వచ్చినదానికి మళ్లీ లెక్కలా? మనం జనానికి సాయం చేస్తున్నామా, వాళ్లను పీడించేవాళ్లకు సాయం చేస్తున్నామా?”

గురువుగారు రాస్తున్న పని ఆపారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

నరసాపురం దగ్గర ఒక పల్లెలో తిరుమాని సువార్తమ్మ అనే ఆవిడ ఉంది. యాభై దాటాయి. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ లేసు అల్లుతోంది. దారం ఏజెంటే తెచ్చిస్తాడు, అల్లింది ఏజెంటే పట్టుకుపోతాడు. ఆయన ఎంతిస్తే అంత. తన చేతి టేబుల్ గుడ్డలు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆమెకు తెలియదు. భర్త ఏలియా చేపల వేటకు వెళ్తాడు.

కోడలు దీవెన చదువుకున్న పిల్ల. అత్త అల్లిన పసిపిల్లల గౌను ఒకటి ఫోటో తీసి అమ్మకాల సైటులో పెట్టింది. వారం తిరక్కుండా బెంగళూరులో ఎవరో కొనుక్కున్నారు. గౌను వెళ్లింది కానీ డబ్బు రాలేదు. ఖాతాదారు ఎవరో రుజువయ్యేదాకా ఆపి ఉంచామని డబ్బు చెల్లించే కంపెనీ నుంచి సందేశం వచ్చింది. బ్యాంకులో ఆమె సువార్తమ్మ, పాన్ కార్డులో ఒట్టి సువార్త, ఆధార్‌లో ఇంటిపేరు ముందు నుంచి వెనక్కి పోయింది. అవన్నీ దిద్దించే తిరుగుడులో గౌను ఖరీదంత డబ్బు బస్సు ఛార్జీలకే అయిపోయింది.

తర్వాత ఫోను ముఖం చూపించమంది. ఎడమకు తిరగాలి, కుడికి తిరగాలి, నవ్వకూడదు. నవ్వకూడదని కోడలు చదివి వినిపించగానే సువార్తమ్మకు నవ్వొచ్చింది. ఫోను కాదంది. మళ్లీ మొదలుపెట్టారు. ఆమె పెదాలు బిగించింది కానీ బుగ్గలు ఆగలేదు. ఈ గోలకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి వెనకాల గుమిగూడారు. ఒక్కరి ముఖమే ఉండాలని ఫోను ఎర్రక్షరాలు చూపించింది.

“ఆ డబ్బులు ఇక రావనుకోండి అత్తయ్యా, నవ్వాగి ఏడుపదే వస్తుంది,” అంది దీవెన.

ఆ మాటకు సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. చివరికి దీవెన అందర్నీ వాకిట్లోకి తోలి, సగం అల్లిన లేసు తెచ్చి అత్త ఒళ్లో పడేసింది. సూది చేతికి అందగానే ఆవిడ ముఖం కుదుటపడింది. దారం మీదే మనసుపెట్టి, కోడలు చెప్పినప్పుడు మాత్రం ఇటూ అటూ తిరిగింది. ఫోను ఒప్పుకుంది. వాకిట్లో ఉన్నవాళ్లు ఈల వేశారు.

అంతటితో అయిపోలేదు. ఏం పని చేస్తారని అడిగినచోట దీవెన ‘గృహిణి’ అని నొక్కింది. గృహిణికి వ్యాపార ఖాతా ఇవ్వం, వ్యాపారానికి రుజువు పంపండి అని జవాబొచ్చింది. అప్పుడు సువార్తమ్మ కోడల్ని వెంటబెట్టుకుని గురువుగారి దగ్గరకు వచ్చింది.

“ఏం పని చేస్తారమ్మా?” అని అడిగారాయన.

“ఏం చెయ్యనండి. ఇంట్లోనే ఉంటాను.”

“మరి లేసు?”

“అది ఖాళీ దొరికినప్పుడు అల్లుతానండి.”

“ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది?”

సువార్తమ్మ ఆలోచించింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ రోజంతా మనసులో వెతుక్కున్నట్టుంది. “ఆయ్, దొరకదండి,” అంది, తనే ఆశ్చర్యపోతూ.

గురువుగారు చిన్న వ్యాపారుల నమోదుకు దరఖాస్తు పెట్టించారు. ఆ పత్రం చూసి కంపెనీ ఖాతా తెరిచింది, గౌను డబ్బు విడుదల చేసింది. తర్వాత కొనేవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఏజెంటు దారం తెచ్చినా సువార్తమ్మ వద్దని చెప్పే రోజులొచ్చాయి.

ఏడాది గడిచాక ఆ కంపెనీ నుంచి ఆమె ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఆమె ఖాతాలోకి వచ్చిన మొత్తం ఇంతని పన్ను శాఖకు తెలియజేశామని దాని సారాంశం. ఏలియా హడలిపోయాడు.

“మనకెందుకు ఈ పీడ? రేపు ఇంటి మీదకు ఎవరైనా వస్తే? ఆ ఖాతా మూసెయ్యి. ఏజెంటు ఉన్నాడుగా,” అన్నాడు.

సువార్తమ్మ అల్లుతున్న లేసు పక్కన పెట్టింది. మూస్తే మళ్లీ ఏజెంటు ఇచ్చిందే గతి. “ఒక్కసారి ఆడిటరుగారిని అడిగి మూద్దాం,” అని భర్తను బయల్దేరదీసింది.

గురువుగారు లెక్కంతా చూశారు. “ఇంత ఆదాయానికి పన్ను పడదమ్మా. రిటర్ను వెయ్యక్కర్లేదు కూడా. నిశ్చింతగా వెళ్లిరండి.”

ఏలియా దండం పెట్టి లేచాడు. సువార్తమ్మ లేవలేదు.

“వెయ్యక్కర్లేదా అండి, వెయ్యకూడదా?”

“అక్కర్లేదంతే.”

“వేస్తే అందులో ఏం రాస్తారండి?”

“మీ పేరు, మీరు చేసే వ్యాపారం, ఏడాదిలో సంపాదించింది.”

“అయితే వెయ్యండి,” అంది సువార్తమ్మ. “రాసేటప్పుడు కాస్త పైకి చదవండి.”

గురువుగారు చదివారు. తిరుమాని సువార్తమ్మ. వ్యాపారం: లేసు తయారీ. తర్వాత మొత్తం చదివారు. నిలబడి ఉన్న ఏలియా మళ్లీ కూర్చున్నాడు.

“అందులో నా వేట డబ్బులు కలిశాయేమోనండి,” అన్నాడు.

“మీది ఒక్క రూపాయి లేదు. అంతా ఆవిడదే.”

ఏలియా భార్య చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెట్లు దిగి వెళ్లాడు. బీడీకి వెళ్లాడనుకున్నారు గురువుగారు. అతను వేడి జిలేబీల పొట్లంతో తిరిగొచ్చాడు. వరండాలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్లకు పంచుతూ, ఎవరూ అడక్కపోయినా, “మా ఆవిడ లేసు వ్యాపారం చేస్తదండి,” అని ఒక్కొక్కరికీ చెప్పాడు. సువార్తమ్మ లోపల కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక అవస్థపడింది.

ఆ పైవారం సువార్తమ్మ వీధి ఆడవాళ్లు ఆటో కట్టించుకుని దిగారు. సంచుల నిండా లేసు. గది నిండా నవ్వులు. పనేమిటని అడిగితే, “మాకూ రాసి పైకి చదవాలండి,” అన్నారు.

సంగతి అయిపోయాక మల్లిబాబు, “అంటే ఆ పేర్ల తంటాలూ, ఆ ఫోటో తిప్పలూ ఉండాల్సిందేనంటారా?” అన్నాడు.

“నేనెక్కడన్నాను? ఇలాంటి పేర్లు దిద్దించడానికి ఎన్ని ఉత్తరాలు రాశానో, అన్నిసార్లూ తిట్టుకున్నాను. వాటి మీద నువ్వూ పోట్లాడు,” అన్నారు గురువుగారు. “రిటర్ను వేసేటప్పుడు మాత్రం మనసులో చదువుకోకు.”