చుక్క కారని సొరబుర్రలు

అనగనగా ఒక మెట్ట ఊరు. ఇత్తడి చెంబులు డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లోనే కనిపించే కాలం అది. మిగతా వాళ్ళంతా ఎండిన సొరబుర్రల్లోనే నీళ్ళు పోసుకునేవాళ్ళు, మజ్జిగ పోసుకునేవాళ్ళు, విత్తనాలు దాచుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో బుర్రలు చేసేవాడు ఓబులు. అతని భార్య సుంకమ్మ. కాయను తీగ మీదే ఎండనిచ్చి, లోపలి గుజ్జు నానబెట్టి గీకేసి, ఆముదం రాసి, పొయ్యి మీద పొగకు వేలాడదీసేవాడు. చివరికి నిండా నీళ్ళు పోసి వేలాడగట్టి, కింద పొడి బూడిద పరిచేవాడు. పొద్దున కడితే సాయంత్రందాకా బూడిదలో ఒక్క మచ్చ పడకూడదు. పడిందా, మైనం మెత్తి మళ్ళీ నింపేవాడు. "ఓబులు బుర్ర చుక్క కారదు" అని ఊరంతా అనేది. ఊరికంటే ఎక్కువసార్లు ఓబులే అనేవాడు. సుంకమ్మ విని నవ్వుకునేది.

ఆ ఊరి చేల గట్టున మూడు పాత మద్దిమానులు ఉండేవి. ఒళ్ళంతా తొర్రలే. తొర్రకొక గోరింకల జంట. కొర్రచేలో మిడత లేవడం ఆలస్యం, గోరింక ముక్కున ఉండేది. ఇట్లా ఉండగా ఊరిపెద్ద మిద్దె కట్టాలనుకున్నాడు. మిద్దెకు సున్నం కావాలి. సున్నపు బట్టీకి కట్టెలు కావాలి. ఒక మాను కొట్టారు. రెండో మాను కొట్టారు. మూడోదీ కొట్టారు. ఎవరూ వద్దనలేదు. ఓబులైతే కొట్టేవాళ్ళకు నీళ్ళ బుర్రలు కూడా అందించాడు.

గోరింకలు లేచిపోయాయి. మరుసటేడు మిడతలు దిగాయి. కొర్రలు తిన్నాయి, సజ్జలు తిన్నాయి, పశువులకు గడ్డి కూడా మిగల్చలేదు. ఇంకో పంట ఇట్లాగే పోతే ఊరు ఖాళీ చేయాల్సిందేనని పెద్దలు తేల్చేశారు.

"తొర్రలు మనమే కొట్టేసినాం. మనమే కట్టియ్యల్ల" అన్నాడు ఓబులు భార్యతో.

ముప్పై బుర్రలు తీశాడు. బుర్రకు ఒక పక్కన గోరింక దూరేంత కన్నం కోస్తుంటే సుంకమ్మ అడిగింది.

"ఏం మామా, వాన కొడితే దీంట్లోకి నీళ్ళు రావా? వస్తే ఎట్ల పోతాయి?"

"ఓబులు బుర్ర చుక్క కారదే పిచ్చిదానా!"

బుర్ర అడుగున మైనం మెత్తుతుంటే మళ్ళీ అడిగింది. "కారేది గాదు మామా నేనడిగేది. లోపలికొచ్చిన నీళ్ళు ఎట్ల పోతాయి?"

"ఓబులు బుర్ర చుక్క కారదంటాంటే!" అన్నాడు, ఈసారి కాస్త విసుగ్గా.

మూడోసారి అడగాల్సింది గడ నాటిన రోజు. చేల గట్టున పొడుగాటి గడ పాతి, దానికి అడ్డకర్రలు బిగించి, ఓబులు నిచ్చెన మీద నిలబడి బుర్రలు కడుతున్నాడు. ఊరంతా కింద చేరింది.

"పిట్టలకు మిద్దెలు కడతాండాడ్రా ఓబులు! సున్నం కొట్టేది మర్సిపోయినాడు!" అన్నాడొకడు.

అందరూ పగలబడి నవ్వారు. పైనుంచి ఓబులు కూడా నవ్వాడు. ఆ నీళ్ళ మాట సుంకమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతమందిలో మొగుణ్ణి చిన్నబుచ్చడం ఎందుకులే అనుకుని మింగేసింది.

గోరింకలు వచ్చాయి. మొదట ఒక జంట, తర్వాత మూడు జంటలు, తర్వాత బుర్రకొక జంట. గడ్డిపోచలు మోసుకొచ్చాయి, గుడ్లు పెట్టాయి, పిల్లల్ని చేశాయి. ఎగతాళి చేసినవాళ్ళే తమ పసివాళ్ళను భుజాలకెత్తుకుని తెచ్చి చూపించారు.

అప్పుడు వాన పట్టుకుంది. మూడు రోజులు ఏటవాలుగా కొట్టింది. నాలుగో రోజు తెరిపిచ్చేసరికి బుర్రల్లో చప్పుడు లేదు. పెద్ద గోరింకలు మాత్రం గడ చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. ఓబులు నిచ్చెన ఎక్కి మొదటి బుర్ర దించాడు. బరువుగా ఉంది. కన్నందాకా నీళ్ళు. నీళ్ళ మీద రెక్కలు రాని పిల్లలు. రెండోది దించాడు. మూడోది దించాడు. ముప్పై దించాడు.

"ఒక్కటి గూడా కారలేదు సుంకీ" అన్నాడు.

నేను అడిగాను కదా అని సుంకమ్మ అనలేదు. తను అడిగింది రెండుసార్లేనని ఆమెకు తెలుసు. ఆ మూడో మాట ఆమె గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

గోరింకలు మూడు రోజులు అరిచి వెళ్ళిపోయాయి. మిడతలు మళ్ళీ దిగాయి. సగం ఊరు మూటలు కట్టుకుని వలస పోయింది. ఓబులు ఇనుపచువ్వ ఎర్రగా కాల్చి, ప్రతి బుర్ర అడుగునా మూడు చిల్లులు పెట్టాడు. జీవితమంతా చిల్లులు పూడ్చిన చేయి అది. నీళ్ళు పోసి, కింద బూడిద పరిచి, బూడిదంతా తడిసేదాకా చూశాడు. మళ్ళీ గడకు కట్టాడు.

మరుసటేడు గోరింకలు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. ఓబులు రోజూ గడ కింద కూర్చుని పైకి చూసేవాడు.

"వస్తాయిలే మామా" అనేది సుంకమ్మ.

"ఎట్లొస్తాయే? పిల్లలు పోయిన చోటు మర్సిపోతాయా?" అనేవాడు.

మూడో ఏడు ఎండాకాలం రాకముందే ఓబులు చనిపోయాడు. గోరింకలు ఆ ఎండాకాలమే వచ్చాయి.

తొలివాన పడిన రోజు సుంకమ్మ గడ కిందికి పరుగెత్తింది. తలెత్తి నిలబడింది. ముప్పై బుర్రల నీళ్ళూ ఆమె ముఖం మీద పడుతున్నాయి. లోపల పిల్లలు కిచకిచమంటూనే ఉన్నాయి.

"కారుతాండాయి మామా" అంది, వినేవాడు లేడని తెలిసీ. "అన్నీ కారుతాండాయి."

మిడతలు తగ్గాయి. పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఇంటింటా ఒక బుర్ర కట్టుకున్నారు. కట్టే ప్రతి ఇంటికీ సుంకమ్మ నడిచి వెళ్ళి మూడుసార్లు అడిగి వచ్చేది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో వేసవి ముందు గోరింకలకు బుర్ర కడతారు. మగవాడు నిచ్చెన మీద ఉంటాడు, ఇంటి ఆడమనిషి నిచ్చెన పట్టుకుంటుంది.

"ఓబులు చిల్లు పెట్టినావా?" అని అడుగుతుంది.

"పెట్టినా" అంటాడు.

మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ చెప్తాడు. మూడోసారి మాత్రం ఊరంతా నిలబడి చూస్తున్నా సరే, గొంతెత్తి అడగాలి. అది సుంకమ్మ మాట. అప్పుడతను బుర్రలో చెంబెడు నీళ్ళు పోస్తాడు. ఆ నీళ్ళు కారి తన ముఖం మీద పడితే గానీ ఆమె నిచ్చెన వదలదు.