రాజుగారి కాశీయాత్ర

పొట్ట కరగాలంటే రోజూ కోసెడు దూరం నడవమన్నాడు వైద్యుడు. ఎండకు జడిసిన రాజుగారు కదలని తొక్కుడుబండి చేయించుకుని కోటలోనే తొక్కసాగారు. ఎంత దూరమైందో చెప్పడం మంత్రి పని. వారం తిరక్కుండానే "కాశీ చేరారు ప్రభూ" అన్నాడాయన.

"ఇక తొక్కే పనిలేదు" అంటూ రాజుగారు భోజనానికి కూర్చున్నారు. వైద్యుడు తల పట్టుకున్నాడు. వంటింట్లోంచి అచ్చెమ్మ అంతా వింది.

విస్తట్లో బూరెలు లేవు. రాజుగారు ఉరిమి చూశారు.

"కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైనదాన్ని అక్కడ వదిలేసి వస్తారు కదా ప్రభూ. తమకు బూరెలకన్నా ఇష్టమైనదేముంది? ఇక జన్మలో వండను" అంది అచ్చెమ్మ వినయంగా.

రాజుగారు నుదురు తడుముకున్నారు. పొడిగా ఉంది.

"మంత్రి లెక్క తప్పు. చెమటే పట్టందే కాశీ ఎక్కడ? మనమింకా కోట గుమ్మమైనా దాటలేదు" అని లేచి బండెక్కారు.

"దాటి రండి ప్రభూ" అంది అచ్చెమ్మ, పొయ్యిమీద మూకుడు పెడుతూ. "ఈలోపు నూనె కాగుతుంది."