అందరికీ ఒకటే సీసా

అనకాపల్లిలోని ఒక చిన్న ఆసుపత్రిలో వేణుమాధవ్ అనే మత్తు డాక్టరు ఉండేవాడు. హస్తవాసి మంచిదే కానీ, రోగిని నోరు విప్పి ఒక్క ముక్క అడగడం ఆయనకు నామోషీ. రోగి బల్ల ఎక్కేలోపే గ్లూకోజు సీసా వేలాడుతూ ఉండేది. ముసలివారికైనా, పడుచువారికైనా అదే సీసా. ఇంత చదువు చదివింది సీసా తగిలించడానికేనా అని ఎవరూ ఆయన్ని అడిగిన పాపాన పోలేదు!

ఒకరోజు బెల్లం వండే పైడినాయుడు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. నర్సు సలోమి అతన్ని పరీక్షగా చూసింది.

"సార్, ఇతని నాలుక పిడచగట్టుకుపోయింది. ఒక్కసారి అడిగి చూడండి" అంది.

"ఖాళీ కడుపుతో వచ్చినవాడి నాలుక ఎండక ఏం చేస్తుందమ్మా? కానియ్" అన్నాడు డాక్టరు. వెన్నులో మత్తు సూది వేశాడు.

రెండు నిమిషాలు గడిచాయో లేదో, పైడినాయుడి బీపీ దబాలున పడిపోయింది.

"బాబూ, కళ్లు తిరుగుతున్నాయి..." అన్నాడతను నీరసంగా.

డాక్టరు గబగబా సూది అందుకున్నాడు. బీపీ పెంచే మందు ఇస్తూనే, "నిన్న ఏం తాగావయ్యా?" అని అడిగాడు. ఆయన ఒక రోగిని ప్రశ్న అడగడం సలోమి వినడం అదే మొదటిసారి.

"నిన్న పొద్దుట్నించి సుక్క నీరు ముట్నేదు బాబూ. కాళీ కడుపుతో రమ్మన్నారు గదేటి! రోజంతా బెల్లం పొయ్యికాడే ఉన్నాను."

అతని ఒంట్లో నీరంతా చెమటై కారిపోయింది! అతనికి కావలసింది గ్లూకోజు కాదు, చెమటతో పోయిన ఉప్పూ నీరూ. డాక్టరు చప్పున సీసా మార్చి, రింగర్ లాక్టేట్ అనే లవణాల ద్రావణాన్ని ధారగా వదిలాడు. ఆ సీసా అయ్యాక ఇంకొకటి. బీపీ మెల్లగా పైకెక్కింది. పైడినాయుడి ముఖంలోకి కళ వచ్చాకే సర్జను కత్తి పట్టాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. వార్డుకు వెళ్తూ పైడినాయుడు, "ఇప్పుడైనా నీల్లు తాగొచ్చా బాబూ?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది డాక్టరే. ప్రాణం కుదుటపడ్డ నవ్వు అది.

మర్నాడు ఆయన ఒక ముసలమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏం తిన్నావు, ఏం తాగావు, షుగరుందా అని అడిగాడు. ఆవిడ మొన్నటి పులుసులో ఏమేం వేసిందో కూడా చెప్పింది. ఆయన ఓపిగ్గా అంతా విని, అప్పుడు సీసా ఎంచుకున్నాడు.

ఎంత చదివినవారైనా సరే, సాయం చేసే ముందు ఎదుటివారి అవసరమేమిటో వారిని అడిగి తెలుసుకోవాలి.