అడ్జస్ట్ అవ్వని చిన్న రాకుమారుడు

...అందుకే ఇంత ఆలస్యమైందర్రా, ఏమనుకోకండి. పెళ్లిల్లు కదా, ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉన్నారు. మీతో ఫోన్లో మాట్లాడ్డానికి ఇప్పుడే మేడమెట్ల మీద కాస్త జాగా దొరికింది. నిన్న లోహిత అడిగింది చూడూ, బస్సులో సీటు చాలకపోయినా అడ్జస్టే, జాకెట్టు వదులైనా అడ్జస్టే, కూర తక్కువైనా అడ్జస్టే, అత్తారింట్లో అక్క ఏడ్చినా అడ్జస్టేనా, అసలా మాటకి అర్థమేంటి పెద్దమ్మా అని. నాకు వెంటనే చెప్పడం చేతకాలేదు. కథైతే చెప్పగలను. లోహితా, తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టు.

మన తాతల తాతలు పుట్టకముందు, మల్లెకోటకి నీలకేతుడని ఒక రాజుండేవాడు. ఆయనకి రాణి కనకాంగి, ముగ్గురు కొడుకులు. ఒకరోజు కుండపోత వానలో వక్రదంతుడనే మాంత్రికుడొచ్చాడు. "వాన తగ్గేదాకా అరుగు మీదుంటాను, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. అది ఏ దేశపు మాటో ఎవరికీ తెలీదు. నోటికి తేలిగ్గా ఉంది. రాజుగారు సరే అన్నాడు.

వాన తగ్గింది, వాడు మాత్రం వెళ్లలేదు. అరుగు అయ్యాక సావిడి అడిగాడు, సావిడి అయ్యాక రాజుగారి మంచమే అడిగాడు. ఎవరైనా సరే అన్నప్పుడల్లా వాళ్లు జానెడు పొట్టయ్యేవాళ్లు, వాడు జానెడు పెరిగేవాడు. మరి వాళ్లకి తెలియలేదా అంటే, బట్టలే వదులయ్యాయనుకున్నారమ్మా! దర్జీని పిలిచి కుట్లు వేయించుకున్నారు. కోటంతా ఆ మాటే. ఆకలేస్తే అదే, ఏడుపొస్తే అదే.

ఒకరోజు భోజనాల దగ్గర వాడు, కూర నాకే చాలదు, అడ్జస్ట్ అవ్వండి అన్నాడు. రాజుగారు సరే అన్నాడు. తర్వాత చూస్తే పీట మీద ఎవరూ లేరు. విస్తరి మాత్రం ఉంది.

రాణి అప్పటికే బొటనవేలంత అయిపోయింది. కుంకుమ భరిణెలో పడుకునేది. ఇంకొక్కసారి సరే అందంటే ఆవిడా ఉండదు. ఆ మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని వాడే గొప్పలు చెప్పుకునేవాడు, ఎవరెళ్తార్లే అని. ఆ చిలక కోసం పెద్దకొడుకు వెళ్లాడు. పడవలోకి మాంత్రికుడి మనుషులు ఎక్కి, జరుగు, అడ్జస్ట్ అవ్వు అంటే జరిగీ జరిగీ బొమ్మంతయ్యాడు. కెరటం ఒడ్డున పడేసింది. రెండోవాడూ వెళ్లాడు, వాడికీ అదే గతి.

ఇక చిన్నవాడు చంద్రకేతు. చిన్నప్పట్నించీ వాడి దుప్పట్లోకి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. వీడికి సర్దుకుపోవడమే రాదని తల్లి తిట్టేది. వాడు బయల్దేరితే భరిణెలోంచి, నువ్వూ వెళ్లొద్దురా అని ఏడ్చింది. ఆ గొంతు చీమ గొంతులా ఉంది.

మాంత్రికుడి మనుషులు పడవెక్కబోతే చంద్రకేతు, నేను జరగను అన్నాడు. అంతే, వాళ్లు వెనక్కి తగ్గారు. చివర్లో ఒక చీమొచ్చి, నీ చెవి మీద కూర్చోనా అంది.

"ఎందాకా?" అన్నాడు వీడు.

"ఒడ్డు దాకా."

సరే రమ్మన్నాడు. చీమ ఎక్కింది. వీడు గోరంత కూడా తగ్గలేదు. ఏడు సముద్రాలూ దాటి ఒడ్డు రాగానే, అన్న మాట ప్రకారం దిగింది చీమ. అదీ తేడా. అది గుర్తుపెట్టుకోండి.

అక్కడ చిలక ఎట్లా ఉందనుకున్నారు? పిడికిలంత పంజరంలో, తోక మడిచి, మెడ వంచి. చీమ గడియ సందులో దూరి గడియ ఊడగొట్టింది. చిలక బయటికొచ్చి రెక్క చాపింది, చాపితే నొప్పి. అప్పుడు ఆకాశమంత మాంత్రికుడు పరిగెత్తుకొచ్చాడు.

"బంగారుతల్లీ, లోపలికి రా, కొంచెం అడ్జస్ట్ అవ్వు."

"అవ్వను" అంది చిలక.

వాడు తాటిచెట్టంత అయ్యాడు. మళ్లీ అడిగాడు. అవ్వను అంది. చీపురుపుల్లంత అయ్యాడు. కాళ్లు పట్టుకుని మూడోసారి అడిగాడు. అవ్వను అంది. గాలొచ్చింది, ఎగిరిపోయాడు. వాడి ప్రాణం చిలకలో కాదర్రా, చిలక చెప్పే సరేలో ఉంది.

మల్లెకోటలో అందరూ మళ్లీ పెరిగారు, అన్నలు పెరిగారు, రాణీ పెరిగింది. రాజుగారు మాత్రం రాలేదు. పెరగడానికి ఆయన కొంచెమైనా మిగల్లేదుగా. చంద్రకేతుకి పెళ్లయింది, పట్టాభిషేకమైంది, చాలా ఏళ్లు ఏలాడు. కానీ ఆ పట్టాభిషేకం రోజున తల్లిని పెద్ద సింహాసనం మీద కూర్చోమంటే, ఆవిడ మూలకి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. బాగా కూర్చో అమ్మా అన్నాడు.

"పర్లేదు నాన్నా, నేను అడ్జస్ట్ అవుతాలే" అంది.

సభంతా ఊపిరి బిగబట్టింది. ఆవిడ తగ్గలేదు, మాంత్రికుడు లేడుగా. అయినా చంద్రకేతు ఏడ్చాడు. ఏడ్చి, వెళ్లి తల్లి ముందు కూర్చుని...

ఉండండర్రా, పిలుస్తున్నారు. ఆఁ, ఏంటి పార్వతీ? మా గదిలోనా? ఇంకో నలుగురా?

ఎందాకా?