ఎలుకల దిబ్బ మీద అయిదు గీతలు

ఈ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఎంపీ ఎన్నికల కోసం కొత్త నియోజకవర్గాల పటం తయారైనప్పుడు, మా ఊరి పక్కనున్న కుమ్మరిమిట్టను మూడు ముక్కలు చేసిన గీతలను కంప్యూటర్‌లో గీసింది నేనే. నాకిచ్చిన కాగితంలో అది మూడు ఊళ్ళని ఉంది. కాదు, ఒకటే ఊరని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

పిల్లల కథలో ఈ గొడవెందుకంటారా? కథ వినండి, మీకే తెలుస్తుంది.

ఇప్పలకోన అనే అడవి ఉండేది. అందులో జింకలు, ఏదుపందులు, అడవికోళ్ళు, ఒక పెద్ద మట్టిదిబ్బలో వందల కొద్దీ ఎలుకలు ఉండేవి. అడవులన్నిటికీ కలిపి ఏటి ఒడ్డున ఒక మహాసభ జరిగేది. ఇప్పలకోనలో అయిదు పేటలు. పేటకొకరు చొప్పున ఆ సభకు అయిదుగురు వెళ్ళేవారు.

పదేళ్ళకోసారి తలలు లెక్కపెట్టి పేటల సరిహద్దులు మార్చేవారు. ఆ సరిహద్దులు సాలెపోగులతో వేసేవారు, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు. పోగులు మూడు ఉదయాలు ఉంటాయి. మంచులో మెరుస్తుంటే అందరూ చూడాలి, అభ్యంతరం ఉంటే అడవికి పెద్దదిక్కయిన ఏనుగు పెద్దమ్మకు చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే అవే గీతలు మళ్ళీ పదేళ్ళు.

ఒక్కటే కట్టుబాటు. గీత ఇళ్ళ పక్క నుంచి పోవచ్చు, ఇంటి మధ్య నుంచి పోకూడదు.

ఆ ఏడు గీతల పని నక్కకు అప్పజెప్పారు. నక్క అప్పటికే మూడుసార్లు సభకు వెళ్ళి వచ్చింది. ఎలుకలు వాగుకు వెళ్ళే దారిని ముళ్ళకంపతో మూయించింది కూడా అదే. ఈసారి దిబ్బకు పెద్దయిన గాదెమ్మ అనే ముసలి ఎలుక నక్క మీద పోటీకి దిగింది. గెలిస్తే దారి తెరిపిస్తానంది. దిబ్బంతా ఒక పేటలో ఉంటే ఆమె గెలుపు ఖాయం. ఆ సంగతి నక్కకూ తెలుసు.

నక్క నూలి అనే కుర్ర సాలీడును పిలిచింది.

"నీకు పని నేర్పిందెవరు పిల్లా?"

"ఎవరూ లేరు మామా. చూసి చూసి నేనే నేర్చుకున్నా."

"అందుకే నిన్ను పిలిచా. గురువులున్నవాళ్ళు ప్రతిదానికీ వాళ్ళని అడిగొస్తామంటారు."

నక్క దిబ్బ మీద కాలితో నడినెత్తి నుంచి అంచుల దాకా అయిదు గీతలు గీసింది, దోసకాయ కోసినట్టు. ఒక్కో ముక్క ఒక్కో పేటలోకి పోయింది.

"ఇది ఎలుకల ఇల్లు కదా మామా?" అంది నూలి.

"ఇల్లా? కన్నాలు లెక్కపెట్టు. నలభై కన్నాలు, నలభై ఇళ్ళు. నీ పని పోగు వెయ్యడం. ఆలోచించడానికి నేనున్నాగా."

ఇంతవరకు తనను పనికి పిలిచినవాళ్ళు లేరు. ఆ సంబరంలో నూలి పోగులు వేసింది. వేసిన గీత తిన్నగా వచ్చిందని మురిసిపోయింది కూడా.

మొదటి ఉదయం గీతలు మెరిశాయి. ఎలుకలు చూడలేదు. అవి రాత్రంతా తిరిగి, తెల్లవారేసరికి నిద్రపోతాయి. రెండో ఉదయమూ అంతే. నూలికి మాత్రం నిద్ర పట్టలేదు.

మూడో ఉదయం నూలి దిబ్బలోకి దిగింది. ఒక కన్నంలో దిగితే దారి ఇంకో కన్నంలోకి పోయింది. అక్కణ్ణుంచి గింజల గది, పిల్లల గది, బాలింతల గది. అన్నీ ఒకదానిలోకి ఒకటి. చివరి గదిలో గాదెమ్మ కునుకు తీస్తోంది.

"అవ్వా, లే. మీ దిబ్బను అయిదు ముక్కలు చేశారు. ఆ పోగులు వేసింది నేనే."

గాదెమ్మ కళ్ళు నులుముకుంది. "ఎప్పుడు వేశావు?"

"మూడు రోజులైంది."

"చెప్పడానికి మూడు రోజులు పట్టిందా?"

"పట్టింది అవ్వా. భయమేసింది."

గాదెమ్మ మీసాలు దులుపుకుని లేచింది. "మంచు ఇంకా ఆరలేదు కదా. పద. తిట్లు తర్వాత తిడతాను."

ఏనుగు పెద్దమ్మ అందరినీ దిబ్బ దగ్గరికి పిలిపించింది. నక్క తీరిగ్గా వచ్చి కూర్చుంది.

"నలభై కన్నాలు, నలభై ఇళ్ళు పెద్దమ్మా. గీతలన్నీ ఇళ్ళ పక్క నుంచే పోయాయి" అంది.

"నువ్వెప్పుడైనా లోపల చూశావా నాయనా?" అంది గాదెమ్మ.

"నా తల పట్టదు."

"అవునులే. ముక్కు మాత్రం చాలాసార్లు వచ్చింది."

అడవికోళ్ళు కిసుక్కున నవ్వాయి. నక్క తోక సర్దుకుంది.

అప్పుడు నూలి ముందుకొచ్చింది. అంతమందిలో మాట్లాడటం దానికదే మొదలు. "పెద్దమ్మా, గీతలు వేసింది నేను. తప్పుగా వేశాను. తప్పని చూపించడానికి నాకొక్క పోగు చాలు."

నూలి పోగు కొసను గాదెమ్మ తోకకు కట్టింది. గాదెమ్మ మొదటి పేటలో ఉన్న కన్నంలోకి దూరింది. కాసేపటికి రెండో పేట కన్నంలోంచి తల బయటపెట్టింది. నూలి అక్కడ పోగుకు ఒక ఎండుటాకు కట్టింది. గాదెమ్మ మళ్ళీ దూరింది. మూడో పేటలో తేలింది. నాలుగులో తేలింది. తేలిన చోటల్లా నూలి ఒక ఆకు కట్టింది. చివరికి అయిదో పేట కన్నంలోంచి దగ్గుకుంటూ బయటికొచ్చింది.

"ఈ వయసులో నాచేత ఇల్లంతా తిప్పించారు" అంది.

నూలి మొదటి కన్నం దగ్గరికి పోయి పోగు పట్టి లాగింది.

రెండో పేటలో ఆకు కదిలింది. మూడో పేటలో కదిలింది. నాలుగో పేటలో కదిలింది. అయిదో పేటలో, ఎక్కడో దూరంగా, గాదెమ్మ తోక కదిలింది.

ఏనుగు పెద్దమ్మ దిబ్బ చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది.

"ఒకటే ఇల్లు" అంది. "గీతలు తీసెయ్."

నూలి తను వేసిన అయిదు పోగులనూ తనే మింగేసింది. మళ్ళీ కొత్త గీతలు వేసింది, ఈసారి ప్రతి గుమ్మం దగ్గర ఆగి లోపలున్నవాళ్ళను అడిగి. దిబ్బంతా ఒకే పేటలోకి వచ్చింది. నక్క గుహ కూడా ఆ పేటలోనే పడింది.

ఎన్నికల రోజు ఎలుకలు నిద్ర మానుకుని పట్టపగలు బారులు తీరాయి. బాలింతలు పిల్లల్ని వీపున వేసుకుని వచ్చారు. ఓటుగా ఇప్పగింజలు వేసే తొర్ర మధ్యాహ్నానికే నిండితే, ఏదుపందులు ఇంకో తొర్ర చూపించాయి. గాదెమ్మ గెలిచింది. నక్కకు రెండు గింజలు పడ్డాయి. ఒకటి దానిదే. రెండోది ఎవరు వేశారా అని ఇప్పటికీ ఆరా తీస్తోంది.

గాదెమ్మ ఏనుగు పెద్దమ్మ తల మీద కూర్చుని మహాసభకు బయల్దేరింది. ఆమె సభలో అడిగి దారి తెరిపించి తిరిగి వచ్చేసరికి వాగు దారిలో ముళ్ళకంప లేదు. దిబ్బ దిబ్బంతా వాగుకు పరుగెత్తింది. ఆ పూట ఎలుకలు దాహం లేకపోయినా నీళ్ళు తాగాయి. నూలికి గాదెమ్మ తన గుమ్మం పైన చోటిచ్చింది. తిడతానన్న తిట్లు మాత్రం వదల్లేదు, రోజుకొకటి చొప్పున తిట్టింది.

ఇక నా సంగతి. కుమ్మరిమిట్టలో నాగరత్తమ్మ పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయిస్తోంది. "ఆ గీతలు ఎవరు గీశారో ఏమైనా తెలుసా తల్లీ?" అని కనిపించినప్పుడల్లా అడుగుతుంది. తెలియదంటాను. అభ్యంతరాలకు రేపు సాయంత్రం దాకా గడువుంది. మూడు ముక్కల్లోనూ ఒకే వీధి ఉందని, ఒకే కుళాయి నీళ్ళు తాగుతారని చూపించే మొదటి పటం నా దగ్గరే ఉంది. ఈ కథ ముగించగానే పెద్దమ్మకు ఫోన్ చేస్తాను. "ఆ గీతలు గీసింది నేనే పెద్దమ్మా" అనే మొదలుపెడతాను.

నీతి: తప్పు గీత గీసినవాళ్ళు గడువు ఉండగానే నిజం చెబితే, ముక్కలైన ఇల్లు మళ్ళీ ఒకటవుతుంది.